బొగ్గు పురిటిపక్క

తడివేలు తాకించగానే ఇస్త్రీపెట్టె చుయ్‌మంది. పిన్ని పాత తువ్వాలు బల్ల మీద పరిచింది. ఇది ఏ ఇంటివాళ్లదీ కాదు, ఆవిడ కుక్క బొగ్గుది. చిరిగిన తువ్వాళ్లు, అరిగిన దిండుగలేబులు, ఎవరో తీసుకెళ్లడం మర్చిపోయిన పక్కబట్టలు, అన్నీ మరిగే నీళ్లలో ఉడకబెట్టి, మందునీళ్లలో జాడించి, ఎండలో ఆరేసింది. అలవాటు కొద్దీ గంజి కూడా పెట్టింది. కుక్క పురిటికి గంజిబట్టలేమిటని అడిగితే ఏం చెబుతుంది? ఆవిడ చేతులు ఊరుకోవు మరి.

వీధిలో అందరికీ ఆవిడ ఇస్త్రీ పిన్నే. బొగ్గు ఆవిడ నల్లకుక్క. బొగ్గుల ఇస్త్రీపెట్టె ఉన్న రోజుల్లో చలికి తాళలేక వచ్చి బల్ల కింద పడుకుంది. కరెంటు పెట్టె వచ్చాక కూడా లేవలేదు. పిన్ని మొగుడు చనిపోయిన ఏడాదే అది వచ్చింది. అప్పట్నించీ ఆవిడ నిలబడి ఇస్త్రీ చేస్తుంటే దాని వీపు ఆవిడ పాదాలకి ఆనుకునే ఉంటుంది.

ఈ వయసులో దానికి కడుపేమిటో! కిందటి ఈతలో పిల్లలన్నీ చలికి బిగుసుకుపోయాయి. ఈసారి పశువుల డాక్టరమ్మ పొట్ట తడిమి చూసి, "ముసలి ప్రాణం పిన్నీ. తల్లీ పిల్లలూ అందరూ దక్కుతారని చెప్పలేను" అంది.

"అది చెప్పకండి. ఏమేం కావాలో చెప్పండి" అంది పిన్ని.

అందుకే ఈ హడావిడి. కత్తెర మరిగించింది. బొడ్డు కట్టడానికి దారం, పూయడానికి అయోడిన్, పాలపొడి, చుక్కలు వేసే గొట్టం, గ్లూకోజు, వేడినీళ్ల సంచి, అన్నీ చేతికందేలా పేర్చుకుంది. చెక్కపెట్టెలో బట్టలు మడత నలగకుండా పరిచి, "రా తల్లీ" అని పిలిచింది.

బొగ్గు వచ్చింది. పెట్టె చుట్టూ తిరిగింది. మూతి పెట్టి వాసన చూసింది. తుమ్మి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

"ఏం పుట్టిందే నీకు?"

పిన్నికి అంతు పట్టలేదు. వేడి ఎక్కువైందేమోనని చెంప ఆనించి చూసింది. గుచ్చుకుంటోందేమోనని అరచేత్తో రాసి చూసింది. చివరికి గుమ్మం వైపు ఓసారి చూసి, ఎవరూ లేరని నమ్మకం కుదిరాక, మోకాళ్ల మీద కూలబడి తలకాయ పెట్టెలో దూర్చింది. గట్టిగా గాలి పీల్చింది.

సరిగ్గా అప్పుడే వెనకగదిలో బట్టలుతికే తమ్ముడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏంటక్కా, నువ్వుగానీ ఈనుతున్నావా?"

"నోర్ముయ్యి. ఇలా వచ్చి వాసన చూడు. ఏముంది?"

"ఏముంటుంది? సబ్బు."

"అదేరా! సబ్బు తప్ప ఏమీ లేదు. దాని వాసన లేదు, నా వాసన లేదు. ఎవరిదో కొత్త ఇల్లనుకుంది పిచ్చిముండ."

జన్మంతా మరకలు వదలగొట్టి బతికిన మనిషి. శుభ్రం చేయడం కూడా తప్పయ్యే చోటు ఒకటుంటుందని ఆవిడకి ఇన్నాళ్లూ తోచనే లేదు. నవ్వొచ్చింది. వెంటనే వంగి చూసింది, బొగ్గు బల్ల కింద లేదు.

వీధిలోనూ లేదు. వెనకగదిలో, మాసిన బట్టల గుట్టలోంచి మూలుగు వినిపించింది. హోటలు దుప్పట్లూ ఆఫీసువాళ్ల కోట్లూ అన్నీ అటూ ఇటూ తోసేసి, గుట్ట అడుగునుంచి పిన్ని సొంత దుప్పటి బయటికి లాక్కుంది బొగ్గు. వీధి బట్టలన్నీ ఉతికే ఇంట్లో సొంత బట్టలకి వంతెక్కడ వస్తుంది? చెమటా తలనూనె వాసనా ముక్కు పగిలేలా కొట్టే ఆ దుప్పటి మీద అప్పటికే ఒక పిల్ల కదులుతోంది.

"నా కష్టమంతా గంగలో కలిపావు కదే!" అంటూనే పిన్ని దారం అందుకుంది.

తమ్ముడు పరుగున వెళ్లి డాక్టరమ్మని తీసుకొచ్చాడు. రెండోది తేలిగ్గానే వచ్చింది. మూడోదానికి బొగ్గు నానా అవస్థా పడింది. చల్లగా, చలనం లేకుండా పడిన ఆ పిల్లని పిన్ని వేడినీళ్ల సంచి మీద పెట్టి రుద్దింది, రుద్దింది. అది కీచుమన్నాక గానీ ఆవిడ చేయి ఆపలేదు.

డాక్టరమ్మ సూది వేసి చాలాసేపు చూసింది. "రక్తం ఆగడం లేదు పిన్నీ."

పిన్ని పక్కన చతికిలబడి దాని వీపు మీద చేయి వేసింది. "నాకు భయంగా ఉందే" అంది దానితోనే. బొగ్గు తల తిప్పి ఆ చేతిని నాకింది. మళ్లీ పిల్లల వైపు మూతి చాపి ఒక్కొక్కదాన్నీ వాసన చూసింది. కాసేపటికి చేతి కింద వీపు కదలడం మానేసింది. డాక్టరమ్మ దాని గుండె విని, చెవుల్లోంచి స్టెతస్కోపు తీసేసింది.

"మూడూ బతికాయే! చూడవేం?" పిన్ని ఏడ్చింది.

తమ్ముడు బొగ్గుని ఎత్తుకుని పెరట్లోకి తీసుకెళ్లాడు. కళ్లు తుడుచుకుంటూ తిరిగొచ్చి, దుప్పటి అంచు పట్టుకున్నాడు. "నానబెట్టేస్తానక్కా. ఆరితే మరక పట్టేస్తుంది."

"పట్టనీరా."

తడిసి, నలిగి, నల్లవెంట్రుకలు అంటుకున్న ఆ దుప్పటి మధ్యలో బొగ్గు పడుకున్నంత మేరా గుంట అలాగే ఉంది. మూడు పిల్లలూ పాక్కుంటూ వెళ్లి అందులోనే ఒదిగాయి.