మద్రాసు గళ్ల పావడా

వెంకటనర్సమ్మ సూదిలోకి దారం ఎక్కించి, కొస పళ్లతో తెంపి, తెల్ల లేసును మిషన్ పాదం కిందికి జరిపింది. నాచారం మార్కెట్ వెనక సందులో ఆమెది ఒక్క షట్టరు దుకాణం. పొద్దున్నే షట్టరెత్తి, ముందున్న అరుగు ఊడ్చి, మిషన్‌కు రెండు చుక్కల నూనె వేసి కూర్చుంటుంది. కత్తెర ఒరుసుకుని కుడి బొటనవేలి మొదట్లో కాయ కాసింది. వంగి వంగి భుజాలు గుండ్రబడ్డాయి. మామూలు రోజుల్లో స్కూలు యూనిఫారాలు, జాకెట్లు కుడుతుంది. ఇవాళ వాటన్నిటినీ మూట కట్టి మూలకు నెట్టింది. సాయంత్రానికల్లా ఏంజెలిక్ బట్టలు అయిపోవాలి.

ఏంజెలిక్ ఎదురింటి మేడ మీది గదిలో అద్దెకుంటూ యూనివర్సిటీలో చదువుకుంటోంది. ఊరు సెయింట్ లూసియా. సందులో అందరూ ఆమెను ఆఫ్రికా పిల్ల అనేవాళ్లు. "కాదమ్మా, కరేబియన్ సముద్రంలో చిన్న దీవి. మీ ఉప్పల్ జనం అంత కూడా ఉండం" అని ఆమె ఓపిగ్గా చెప్పేది. ఇవాళ విదేశీ విద్యార్థుల సభ. ఒక్కో దేశం వాళ్లు తమ బట్టల్లో స్టేజి ఎక్కాలి. ఆ దీవి నుంచి వచ్చింది ఏంజెలిక్ ఒక్కతే.

కిందటి వారం ఆ పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి, ఎరుపూ పసుపూ ఆకుపచ్చా గళ్లున్న గుడ్డను బల్ల మీద పరిచింది. ఉప్పల్ రింగ్ రోడ్డులో బస్సు కోసం నిలబడితే ఒక పెద్దాయన ఇది కట్టుకుని కనిపించాడట. వెంటపడి, ఎక్కడ కొన్నాడో అడిగి, ఆ దుకాణానికే పోయి తెచ్చుకుంది.

"గిది లుంగీ గదనే పిల్లా!" అని వెంకటనర్సమ్మ పడీ పడీ నవ్వింది.

"మా దగ్గర దీని పేరు మద్రాస్ అమ్మా. ఇదే మా దేశం డ్రెస్."

ఫోన్‌లో అమ్మమ్మ ఫొటో చూపించింది. తెల్ల లేసు జాకెట్టు, గళ్ల పావడా, తల మీద అవే గళ్ల పాగా. పూర్వం ఈ గుడ్డ మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి పోయిందని, చెరకు తోటల్లో బానిసలుగా బతికిన ఆడవాళ్లు ఆదివారం నాడు దొరలిచ్చిన ముతక బట్టలు విప్పేసి దీన్ని కట్టుకునేవాళ్లని, తనకొచ్చిన తెలుగులో చెప్పింది. వాళ్లకు సొంత భాష కూడా ఉంది. ఒకప్పుడు బడిలో ఆ భాష మాట్లాడితే దెబ్బలు పడేవట. ఇప్పుడు దానికి ఏటా పండుగ చేస్తున్నారట.

ఓడలూ దొరలూ వెంకటనర్సమ్మ ఊహకు అందలేదు గానీ ఆదివారం సంగతి మాత్రం బాగా అర్థమైంది. బట్టల ఫ్యాక్టరీలో పనిచేసిన రోజుల్లో వారమంతా చీర మీద నీలం కోటు తొడుక్కునేది. ఆదివారం ఒక్కనాడే చీర చీరలా కనిపించేది.

ఆ ఫ్యాక్టరీలో చేరింది భర్త భూషణం వెళ్లిపోయాకే. మల్లాపూర్‌లో పైపుల కంపెనీలో పనిచేసేవాడు. పెళ్లైన కొన్నేళ్లకు కీసరలో ఇంకొకామెతో కాపురం పెట్టాడు. మళ్లీ ఇటు రాలేదు. పిల్లలు లేరు. అద్దె గది కోసం "మా ఆయన దుబాయిల ఉన్నడు" అని కొన్నాళ్లు అబద్ధమాడింది. సొంత మిషన్ కొన్నాక ఆ మాట మానేసింది. మెడలో టేపుతో పాటు పుస్తెలతాడూ ఉండిపోయింది.

మధ్యాహ్నం ఏంజెలిక్ వచ్చి పావడా తొడుక్కుని గిర్రున తిరిగింది. నడుము దగ్గర అతికినట్టు సరిపోయింది. లోపలి తెల్ల లంగాకు అంచు లేసు కుట్టడమే మిగిలింది. పాగా ఎలా చుడతారో చూపిస్తానని ఆ పిల్ల వెంకటనర్సమ్మను స్టూలు మీద కూర్చోబెట్టింది.

"పాగాకు మొనలు ఉంటాయమ్మా. ఒక్క మొన అంటే, నా మనసు నాదే. రెండు అంటే, మనసు ఇచ్చేసిన, అయినా నువ్వు ట్రై చెయ్. మూడు అంటే పెళ్లయింది. మా అమ్మమ్మ చెప్పింది. నీకు మూడు కదా?"

వెంకటనర్సమ్మ గోడ మీది అద్దంలోకి చూసింది.

"ఒక్కటే గట్టు" అంది.

ఏంజెలిక్ గళ్ల గుడ్డ బిగించి, నుదుటి పైన ఒక్క మొన నిలబెట్టింది. ఇద్దరూ అద్దంలో చూసుకుని నవ్వుతుండగా వాకిట్లో బైకు ఆగింది.

భూషణం తమ్ముడు సాంబయ్య. ఆమె తలపాగా చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"వదినె... తెల్లారంగ అన్న పోయిండు. గుండెల నొప్పొచ్చింది."

చేతిలోని పొట్లం అరుగు మీద పెట్టాడు. "పచ్చగాజులు, పూలు, కుంకుమ. ఇవి ఏసుకొని రావాలంటున్నరు పెద్దలు. మిగతది ఆడ సూస్కుంటరు."

మిగతాది ఏమిటో ఆమెకు తెలుసు. చేతుల నిండా గాజులు తొడిగి, అందరి ముందూ పగలగొడతారు.

"కీసరల ఉన్నామె సంగతేంది మరి?"

"ఆమెకు హక్కు లేదంటున్నరు."

వెంకటనర్సమ్మ పాగా మెల్లగా విప్పి, మడత పెట్టి ఏంజెలిక్ చేతికిచ్చింది. మళ్లీ మిషన్ ముందు కూర్చుంది.

"జర కూసో సాంబయ్యా. అంచు అయిపోనీ."

"గిప్పుడు కుట్టుడేంది వదినె?"

ఆమె పెడల్ తొక్కింది. కొత్త కాపురంలో భూషణం లుంగీ కొసలు కలిపి చేత్తో కుట్టిన రోజు గుర్తొచ్చింది. కుట్టు వంకర పోయిందని అతను ఎంతలా నవ్వాడో. కళ్లు మసకబారి లేసు పక్కకు జరిగింది. ఆపి, ఆ నాలుగు కుట్లూ విప్పి, మళ్లీ తిన్నగా వేసింది.

సంగతి అర్థమైన ఏంజెలిక్ ఆమె భుజం పట్టుకుంది. "నేను సభకు పోను. నీతో వస్తా."

"నువ్వు పోకుంటే మీ దేశం స్టేజి ఎట్ల ఎక్కుతది? పో బిడ్డా. మస్తుగ తిరుగు, లేసు గనవడాలె."

బట్టల సంచీతో ఆ పిల్ల షేర్ ఆటో ఎక్కి, కనుమరుగయ్యేదాకా వెనక్కే చూసింది. వెంకటనర్సమ్మ కుండలో నీళ్లు ముంచుకుని ముఖం కడుక్కుంది. రోజూ పెట్టుకునే చిన్న బొట్టునే మళ్లీ పెట్టుకుంది. షట్టరు దించి తాళం వేసింది.

"మొఖం సూస్త, దండం బెడ్త. గాజుల ముచ్చట మాత్రం ఎవ్వరూ ఎత్తొద్దు. నా మొగుడు పోయి మస్తు ఏండ్లాయె. గియ్యాల పోయింది మీ అన్న. ఇన్నేండ్లు వండి పెట్టినామె ఆయన పక్కన కూసోని ఏడుస్తనంటే ఏడ్వనియ్యున్రి."

సాంబయ్య బైకు స్టార్ట్ చేశాడు. ఆమె వెనక కూర్చుని, కొంగు చక్రంలో పడకుండా నడుముకు దోపుకుంది. బైకు సందు మలుపు తిరిగింది.

మూసిన షట్టరు ముందు, అరుగు మీద, పాత పేపరులో చుట్టిన గాజుల పొట్లం దారం ముడి కూడా విప్పకుండా ఎండలో ఉండిపోయింది.