తీసినవీ, చేర్చినదీ

"కాలరు దగ్గర ముడత అలాగే ఉంది, చూడు," అన్నాడు పాస్టరు, అద్దంలోంచి కళ్ళు తిప్పకుండా.

ఆయన భార్య బల్ల మీది చొక్కాకి ఇస్త్రీపెట్టె మళ్ళీ ఆనించింది. ఇంకో గంటలో చర్చి హాల్లో వాదన. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒక్క దేవుడేనని ఆమె భర్త. త్రిత్వమన్న మాటే బైబిల్లో లేదని అవతలి సంఘం బోధకుడు. భర్త చదవబోయే ఇరవై పేజీలూ ఆమె రాసినవే, పదకొండేళ్ళుగా ఆయన ప్రసంగాలన్నీ రాసినట్టే. చివర్లో ఒక్క బైబిల్ వాక్యం మాత్రం ఆయన సొంతంగా దూర్చాడు: పరలోకంలో సాక్ష్యమిచ్చే ముగ్గురూ ఒక్కటేనని.

"అది పాత చేతిరాత ప్రతుల్లో లేదండీ. తర్వాతెవరో చేర్చారు. అవతలి బోధకుడు అక్కడే పట్టుకుంటాడు."

"దేవుడి మాట తీసెయ్యమనడానికి నువ్వెవరు?"

ఆమెకు నవ్వొచ్చింది. పెళ్ళయిన వారానికి, అమ్మ ఇచ్చిన బైబిల్ని ఇదే బల్ల మీద పెట్టి, బ్లేడుతో అందులోని ఏడు పుస్తకాలు కోసేసింది ఈయనే. వీళ్ళ సంఘానికి బైబిలంటే అరవై ఆరు పుస్తకాలే. క్యాథలిక్కులైన ఆమె పుట్టింటివాళ్ళకి డెబ్బై మూడు. "ఏడు పుస్తకాలు ఎక్కువ తెచ్చింది మా కోడలు, బుద్ధి మాత్రం అక్కడే మర్చిపోయింది," అని అత్తగారు వచ్చినవాళ్ళందరినీ నవ్వించేది. ఆ ఏడింట్లోనే, ఒక విధవరాలు శత్రు సేనాపతి గుడారంలోకి నడిచివెళ్ళి ఊరిని కాపాడిన కథ ఉంది. చిన్నప్పుడు ఎన్నిసార్లు చదివిందో. చెత్తబుట్టలోంచి ఆ కాగితాలు ఏరుకుంది. పుస్తకాలు బైండు చేసే నాన్న దగ్గర నేర్చిన పని ఊరికే పోలేదు. మధ్యాహ్నాలు ఇల్లంతా కునుకు తీస్తున్నప్పుడు ఒక్కో కాగితం మళ్ళీ కుట్టుకుంది.

చొక్కా ఆయన చేతికిచ్చి, ఆ బైబిల్ని సంచీలో వేసుకుంది.

హాలు కిక్కిరిసింది. భర్త ఆ వాక్యం చదవగానే అవతలి బోధకుడు చిరునవ్వుతో లేచాడు.

"అయ్యగారూ, వెయ్యేళ్ళు దాటిన గ్రీకు చేతిరాత ప్రతుల్లో ఏ ఒక్కదాంట్లోనైనా ఇది చూపించండి, చాలు."

భర్త గొంతు సవరించుకుని ముందు వరుసలో అత్తగారి పక్కన కూర్చున్న ఆమెకేసి చూశాడు. అది ఇంట్లోవాళ్ళకే తెలిసిన సైగ. ఆయన చిక్కుకున్నప్పుడల్లా ఆమె నీళ్ళు తీసుకెళ్తుంది. గ్లాసు కింద జవాబు రాసిన చీటీ ఉంటుంది.

"వెళ్ళమ్మాయ్, వాడి పరువు పోతోంది," అని అత్తగారు మోచేత్తో పొడిచింది.

జవాబు ఆమె దగ్గరుంది. ముగ్గురూ ఒక్కటేనని ఆమె నమ్ముతుంది. ఆ ఒక్క వాక్యం పోయినా పోని నమ్మకం అది. వేదిక మెట్లెక్కి నీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టింది. భర్త ఆత్రంగా ఎత్తి చూశాడు. కింద తడి తప్ప ఏమీ లేదు.

"చీటీ ఏది?" పెదవులు కదలకుండా అడిగాడు.

"ఈసారి నోటితోనే చెబుతాను. మీరు కూర్చోండి."

ఆమె సంచీలోంచి బైబిల్ తీసి, దారపు కుట్లు కనిపించేలా తెరిచి, మైకు తన ఎత్తుకి దించుకుంది.

"ఆ వాక్యం ఎవరో చేర్చిందే. మా నమ్మకానికి దాని అవసరం లేదు, ఎందుకో చెబుతాను. ముందు మాత్రం, ఈ పుస్తకంలోంచి ఏం తీసేశారో, ఎవరు తీసేశారో చూడండి."