నాలుగో నంబరు పిన్ను

చిలకలూరిపేట పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పే జక్రయ్య ఒక లైబ్రరీ రాశాడు. పుస్తకాలది కాదు. వేడిని కొలిచే సెన్సర్‌ను చిన్న చిప్‌కు తగిలించుకునేవాళ్లు తమ ప్రోగ్రాంలో కలుపుకునే కోడ్. దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టి, ఎవరైనా మెచ్చుకున్నారేమోనని గంటకోసారి ఫోన్ చూసుకునేవాడు. ఏడాది తిరిగేసరికి వాడినవాడు ఒక్కడే తేలాడు. హైవే పక్క జిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రీషియన్ యలమంద. పత్తి కుప్ప లోపల వేడెక్కితే నిప్పంటుకోకముందే పసిగట్టాలని అతని తాపత్రయం.

ఒక మధ్యాహ్నం అతను ఫోన్ చేశాడు.

"మాస్టారూ, సెన్సర్ లేదంటందండి మీ కోడు. సెన్సరేమో నా చేతిలోనే ఉంది."

"వైర్లు సరిగ్గా చూసుకోండి," అని పెట్టేశాడు జక్రయ్య. మూడోసారికి మాత్రం మిల్లుకు వెళ్లక తప్పలేదు.

వెళ్లి సెన్సర్ మార్చాడు, వైర్లు మార్చాడు, నాసిరకం వైర్ల మీద అరగంట ఉపన్యాసమిచ్చాడు. యలమంద ఓపిగ్గా అంతా విన్నాడు.

"చిప్‌కి నాలుగో పిన్ను కాలిపోయిందండి. అందుకని అయిదోదానికి తగిలించా. తప్పాండీ?"

జక్రయ్య తన కోడ్ తెరిచి చూసుకున్నాడు. కోడ్‌లో పదిహేడు చోట్ల నాలుగు అనే అంకెను మేకు కొట్టినట్టు కొట్టేశాడు. అలా రాయకూడదని పిల్లలకు ఏటా చెప్పేది తనే.

"అందరూ నాలుగుకే తగిలిస్తారనుకున్నానండి."

"అందరూ అంటే ఎవరండి?"

"నేనే."

అవమానం కొద్దీ వారం రోజులు కూర్చుని అన్నీ వాడేవాళ్లే మార్చుకునేలా తిరగరాశాడు. యలమంద అది తెరిచి తల గోక్కున్నాడు.

"పదకొండు సంగతులు అడుగుతోందండి. నాకు తెలిసింది పిన్ను నంబరొక్కటే."

వాటిలో మూడింటి అర్థం జక్రయ్యకూ సరిగ్గా తెలియదు. గొప్పగా కనిపిస్తాయని పెట్టాడు. అక్కడే మిల్లు బల్ల మీద కూర్చుని పదింటిని తీసేశాడు. నంబరు చెబితే ఆ పిన్ను, చెప్పకపోతే నాలుగు. అంతే.

యలమంద సెన్సర్‌ను ఉత్తరం మూల కుప్పలోకి దూర్చి, అయిదు అని ఒక్క ముక్క రాశాడు. తెర మీద వేడి ఎంతో చెప్పే అంకె వచ్చింది, పెరుగుతూ పోయింది. కూలీలను పిలిచి ఆ కుప్పను విడదీయిస్తే లోపలి పత్తి చెయ్యి పెట్టనివ్వలేదు. పరిచి ఆరబెట్టారు.

"ఆరో పిన్నుకి ఇంకోటి తగిలిస్తానండి. రెండూ పనిచేస్తాయా?"

"భేషుగ్గా," అన్నాడు జక్రయ్య, మొదటినుంచీ అదే ఉద్దేశమైనట్టు. రెండో అంకె కూడా వచ్చేదాకా మాత్రం ఊపిరి బిగబట్టే నిలబడ్డాడు.