ఫోటోకి సరిపడేంత

ఆమె ఎడమ చేత్తో కత్తిరిస్తోంది. నిజానికి కుడిచేతి వాటం మనిషే. కుడిచేత్తో కత్తెర పడితే అంచు గీత గీసినట్టు వస్తుంది. అలా రాకూడదు. పత్రికలో అచ్చయ్యే వస్తువు చిన్నపిల్ల చేసినట్టుండాలి, అంచు కాస్త వంకర తిరగాలి. అందుకని ఎర్ర కాగితాన్ని పెదవి కొరుక్కుంటూ, కష్టపడి మరీ పాడుచేస్తోంది. వంకర మరీ ఎక్కువైనా పనికిరాదు, చూసిన తల్లులకు బెంగ పుట్టుకొస్తుంది. ఎంత వంకర ఉండాలో ఇన్నేళ్ళకి ఆమె చేతికి తెలిసిపోయింది.

తీరిక లేని తల్లుల కోసం ప్రతి సెలవులకీ ఆ వారపత్రిక వేసే పేజీ అది. కాగితం పువ్వులు, పొయ్యి వెలిగించకుండా చేసుకునే తీపి పదార్థాలు, వాన పడే మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కలిసి ఆడుకునే ఆటలు. మాటలు రాసేది ఆ పేజీ చూసే ఎడిటర్ మేడమ్, వస్తువులు చేసేది ఈమె. పేజీ అడుగున ‘మీ సెలవులమ్మ’ అని ముద్ర పడుతుంది. ఆ పేరు ఎవరిదీ కాదు గానీ ఆఫీసులో అందరూ ఈమెనే అలా పిలవడం మొదలుపెట్టారు. పిల్లలకి సెలవులొస్తే ఈమెకి ఊపిరి సలపదు కాబట్టి ఆ పిలుపులో కాస్త ఎగతాళి కూడా ఉంది. ఆమె పట్టించుకోలేదు. అసలు పేరుతో పిలిచే మనిషి ఇల్లు వదిలి వెళ్ళిపోయాక ఏదో ఒక పేరు ఉంటే చాలనుకుంది.

సన్నటి మనిషి. మెడ ఎప్పుడూ కాస్త ముందుకి వంగే ఉంటుంది. వేళ్ళ చివర జిగురు ఎండి, పొరలు పొరలుగా లేస్తుంటే మాట్లాడుతూనే గోటితో వలుచుకుంటుంది. జుట్టుకి పెట్టుకున్న క్లిప్పు కాగితాల కట్టకి పెట్టేది. పొద్దున్న తొందరలో చేతికి అదే దొరికితే అదే పెట్టుకొచ్చేసింది.

"మేడమ్, ఇవాళ మధ్యాహ్నమే వెళ్ళిపోతానని చెప్పాను కదండీ," అంది, కత్తెర ఆపకుండానే.

"వెళ్ళు వెళ్ళు, ఎవరొద్దన్నారు? ఈ ఒక్క పేజీ అవ్వగొట్టేసి వెళ్ళు," అంది మేడమ్. మంచి మనిషే. ఎప్పుడూ ఈ ఒక్క పేజీయే అడుగుతుంది.

ఇవాళ సాయంత్రం కూతురు వెళ్ళిపోతోంది. తండ్రి వచ్చి తీసుకెళ్తాడు. బడి తెరిచాక చదువు ఇక తండ్రి ఉండే ఊళ్ళోనే. నెల కిందట ఆ పిల్ల రొట్టెముక్క మీద జామ్ రాసుకుంటూ, చాలా మామూలుగా చెప్పింది. "నేను నాన్న దగ్గర ఉంటానమ్మా. అక్కడ పిన్ని ఇంట్లోనే ఉంటుంది కదా." కోపంగా అన్నా బాగుండేది. అరిస్తే తనూ అరిచేది, ఏడిస్తే దగ్గరికి తీసుకునేది. అంత నెమ్మదిగా చెప్పిన మాటకి మాత్రం, "జామ్ మూత సరిగ్గా పెట్టు," అంది.

ఆ తర్వాత నెలంతా లోలోపల ఒకటే ఆశ. పిల్లతో కూర్చుని ఏదో ఒకటి మొదలుపెట్టి, చివరిదాకా చేస్తే, ఒక్కటంటే ఒక్కటి పూర్తిగా చేస్తే, ఆ పిల్ల మనసు మారుతుందని. పిచ్చి ఆశే. అయినా పట్టుకుని వేలాడింది. రేపు, ఎల్లుండి అంటూ చివరికి ఇవాళ్టి మధ్యాహ్నానికి వచ్చి ఆగింది. "గదంతా వచ్చేలా కాగితం గొలుసు చేద్దాం. నేను మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాగా," అని పొద్దున గుమ్మంలో చెప్పింది. పిల్ల "సరే" అంది. ఆ సరేలో నమ్మకం లేదని తల్లికి తెలుసు.

గొలుసు ఊరికే ఎంచుకోలేదు. ఆ పిల్లకి నాలుగేళ్ళప్పటి నుంచీ పేజీలో కనిపించే చేతులు దానివే. బయటి పిల్లల్ని తెస్తే కుదురుగా కూర్చోవడం లేదని ఫోటోగ్రాఫర్ విసుక్కుంటే, "మా పిల్ల ఉందిగా," అని తనే తీసుకొచ్చింది. పనీ పిల్లా ఒకే చోట ఉంటే ఇంకేం కావాలని ఆ రోజు మురిసిపోయింది కూడా. పెద్ద దీపాల వేడిలో స్టూలు మీద కూర్చోబెట్టేది. "ఆగు. అలాగే పట్టుకో. కదలకు." కెమెరా టిక్కుమనేదాకా ఆ చిన్నచేయి గాలిలో ఉండిపోయేది. అంటించాల్సింది అంటించనిచ్చేవారు కాదు, తర్వాతి ఫోటోకి కావాల్సింది ముందే చేసి పక్కన సిద్ధంగా ఉండేది. మొహం ఫోటోలో పడకూడదు కాబట్టి వెనక్కి వాలడం ఆ పిల్లే నేర్చుకుంది. ఒకసారి గిన్నెలో తెల్లటి మీగడ చూసి నాకేసింది. అది మగాళ్ళు గడ్డం గీసుకునే నురగ. పాలగ్లాసులో ఉన్నది జిగురు, ఐస్‌క్రీమ్ అనుకున్నది రంగు కలిపి మెదిపిన బంగాళాదుంప. పేజీలో తినేవేవీ తినేవి కావు. ఆ రోజు అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు, తనూ నవ్వింది.

కాగితం గొలుసంటే మూడు రింగులే చేసేవారు. "ఇంకా చేద్దామమ్మా, గదంతా వచ్చేలా," అని పిల్ల బతిమాలేది. "ఫోటోకి సరిపడేంత చాలు," అనేది తను. పోనీ ఇంట్లో చేద్దామని పిల్ల అంటే సరేననేది, ఇంటికెళ్ళేసరికి తన ఒళ్ళు హూనమయ్యేది.

కిందటి సెలవుల్లో ఫోటోగ్రాఫర్ కెమెరా దించి, "పాప చేతులు పెద్దవైపోయాయండీ, ఇక కుదరదు," అన్నాడు. పాపం, అతనిదేం తప్పు లేదు. పిల్ల తన చేతులు రెండూ తిప్పి చూసుకుని స్టూలు దిగింది. ఇక ఆఫీసుకి రావలసిన పని లేకపోయింది. సెలవులన్నీ ఇంట్లో ఒక్కతే.

ఇవాళ కొత్త పిల్లని తెచ్చారు. ఆరేళ్ళుంటాయేమో, పక్కన వాళ్ళమ్మ. దీపాలు వెయ్యగానే పిల్ల బిక్కమొహం పెట్టి, వేళ్ళు అంటుకుపోయాయని గుక్కపట్టి ఏడ్చింది. సెలవులమ్మ నేల మీద మోకాళ్ళూని కూర్చుని, తడిబట్టతో ఒక్కో వేలూ తుడిచి, ఊది, వేలికో పేరు పెట్టి నవ్వించింది. బొటనవేలికి బోండాం మామయ్య అని పేరు. పిల్ల కిలకిలా నవ్వింది. అంత ఓపిక తనలో ఎక్కడుందో తనకే తెలియదు. ఇంట్లో ఎప్పుడూ కనబడలేదు. సిగ్గుగా అనిపించింది.

"మీ పిల్లలు ఎంత అదృష్టవంతులండీ," అంది కొత్త పిల్ల తల్లి. "రోజూ ఇలాంటివన్నీ చేయిస్తుంటారు కాబోలు."

"అవునండీ," అంది సెలవులమ్మ.

మధ్యాహ్నం దాటింది. నురగ దీపాల వేడికి కరిగి కిందికి జారిపోయింది, మళ్ళీ కొట్టారు. మేడమ్ వచ్చి బల్ల మీద పరిచిన గుడ్డ రంగు బాగాలేదంది, మార్చారు. మార్చాక పాతదే నయమంది. సెలవులమ్మ కాలుగాలిన పిల్లిలా గదిలో తిరుగుతూనే, ఎవరేమడిగినా "ఇదిగోనండీ" అని అందిస్తూనే ఉంది. నేను వెళ్ళాలి అని గట్టిగా అనడం ఆమెకి చేతకాదు. మొగుడితోనూ ఉండిపొమ్మని గట్టిగా అనలేకపోయింది. అతను చెడ్డవాడేమీ కాదు. "నీతో మాట్లాడాలంటే నేనూ ఫోటో దిగాలేమో," అని మొదట్లో వేళాకోళమాడేవాడు. తర్వాత ఆ వేళాకోళం కూడా మానేశాడు.

చివరికి మిగిలిన రంగుకాగితాలు సంచిలో కుక్కుకుని బయటపడేసరికి ఎండ పసుపు తిరిగింది. బస్సులో నిలబడే వెళ్ళింది. దిగి, వీధి మలుపు దగ్గర పరుగులాంటి నడక నడిచింది. ఎవరో పలకరిస్తే తల ఊపింది గానీ ఎవరో చూడలేదు.

ఇంట్లో పెట్టె గుమ్మం పక్కన ఉంది. పిల్ల ఇస్త్రీ గౌను వేసుకుని, నలగకుండా కుర్చీ అంచున కూర్చుంది. తల తనే దువ్వుకుంది, పాపిడి సరిగ్గా కుదిరింది.

"వచ్చావా," అంది.

"వచ్చేశా. రా రా, కూర్చో. ఇంకా టైముంది," అంటూ తల్లి చెప్పులతోనే నేల మీద చతికిలపడి కాగితాలు పరిచింది. కత్తెర తీసి ముక్కలు కోస్తోంది. పిల్ల కాసేపు చూసి, "అమ్మా, ఇది ఫోటోకి కాదుగా. సరిగ్గా కత్తిరించు," అంది. చూసుకుంటే కత్తెర ఎడమ చేతిలో ఉంది.

ఇద్దరికీ నవ్వొచ్చింది. తల్లి చెయ్యి మార్చింది. అంచులు తిన్నగా వచ్చాయి.

గుమ్మం పక్కన మేకుకి మొదటి రింగు తగిలించారు. తల్లి కోస్తుంటే పిల్ల చుట్టి, అంటించి, ఊది, తర్వాతిది అందుకుంటోంది. ఆ పొడుగాటి వేళ్ళు ఎంత చకచకా ఆడుతున్నాయో తల్లి అదే మొదటిసారి చూస్తోంది. ఇన్నేళ్ళూ ఆ చేతులు కదలకుండా ఉండటమే చూసింది. మూడు రింగులు దాటాయి. గొలుసు గోడ వెంట పాకి, అలమార తలుపు దాటి, కిటికీ వైపు సాగింది.

"ఆ నురగ నాకాను చూడు, గుర్తుందా?" అంది పిల్ల. "రెండు రోజులు నోరంతా సబ్బు."

"నవ్వకుండా ఉండాల్సింది నేను," అంది తల్లి.

"పర్లేదులే. నాకూ నవ్వొచ్చింది, తర్వాత."

తల్లి గుండె కాస్త తేలికపడింది. ఇదే అదను. ఉండిపోవే, అని ఇప్పుడు అనేయాలి. గొలుసు కిటికీ చేరగానే అంటాను. ఈ రింగు అవ్వగానే అంటాను. పిల్ల ఎర్రముక్కకి జిగురు రాసి, బొటనవేలితో నొక్కి, చుట్టడానికి పైకెత్తింది. కిటికీలోంచి వెలుగు ఆ వేళ్ళ మీద పడింది. ఎంత బాగా పడిందంటే, తల్లి నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఆగు. అలాగే పట్టుకో. కదలకు."

పిల్ల చెయ్యి గాలిలో ఆగిపోయింది. గోరు కనపడకుండా బొటనవేలు లోపలికి మడిచింది. మణికట్టు కాస్త వెలుగువైపు తిప్పింది. తర్వాత మెల్లగా, ఎవరూ చెప్పకుండానే, మొహం వెనక్కి తీసుకుంది.

ఏ కెమెరా టిక్కుమనలేదు. తల్లికి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఇంట్లో పాత పత్రికలు పెట్టెడున్నాయి. వాటినిండా ఈ పిల్ల చేతులే. మొహం ఒక్క దాంట్లోనూ లేదు. "ఏం లేదమ్మా, ఏం లేదు, నువ్వు కానివ్వు," అనబోయింది. అంతలో వీధిలో కారు హారన్ మోగింది.

పిల్ల ఆ ముక్కని అలాగే వదిలేసి, చేతులు కడుక్కుని వచ్చింది. తండ్రి గుమ్మం బయటే నిలబడ్డాడు. "బాగున్నావా?" అన్నాడు. బాగున్నానంది. అతను పెట్టె అందుకున్నాడు.

"గిన్నెలో బిస్కెట్ ఉండలున్నాయి, తిను," అంది పిల్ల చెప్పులు వేసుకుంటూ. "నిజంగా తినేవే. మీ పేజీలోవి. కానీ అందులో రాసినన్ని పాలు పొయ్యకూడదమ్మా, ఉండ కట్టదు. నేను తగ్గించి చేస్తా ఎప్పుడూ."

ఎప్పుడూ అంటే ఎన్నిసార్లు చేసిందో. ఈ ఇంట్లో ఒక్కతే కూర్చుని ఆ పేజీలన్నీ ఒకదాని తర్వాత ఒకటి చేసుకుంటూ, తప్పులు దిద్దుకుంటూ ఎన్ని మధ్యాహ్నాలు గడిపిందో తల్లికి తెలియదు. తను ఆ ఉండని ఏనాడూ నోట్లో వేసుకోలేదు.

"సెలవులకి వస్తావుగా?" అంది.

పిల్ల ఆమె వైపు జాలిగా చూసింది. పెద్దమనిషిలా ఆమె జుట్టులోని కాగితాల క్లిప్పు తీసి, సరిగ్గా మళ్ళీ పెట్టింది.

"సెలవుల్లోనే కదమ్మా నీకు ఎక్కువ పని," అంది.

కారు మలుపు తిరిగాక కూడా ఆమె కాసేపు గుమ్మంలోనే ఉంది. లోపలికొచ్చి ఒక ఉండ తింది. బాగుంది. పేజీలో తప్పుందని మేడమ్‌కి రేపు చెప్పాలనుకుంది, ఆ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసి, నేల మీద కూర్చుని నోరు తెరిచి ఏడ్చింది.

మేకు దగ్గర మొదలైన గొలుసు కిటికీకి జానెడు దూరంలో ఆగిపోయింది. దాని కొసన ఎర్రముక్క మూసుకోకుండా వేలాడుతోంది, ఆరిపోతున్న జిగురులో, పెద్దదైపోయిన ఒక బొటనవేలి గుర్తుతో.