నిప్పుల పక్కన ఉయ్యాల

నానమ్మా కొడుకూ కోడలూ ఉండే ఇల్లూ, వాళ్ళ ఇస్త్రీ కొట్టూ ఆ ఒక్క గదే. ముందు బల్ల, బల్ల పక్కన బొగ్గుల కుంపటి, వెనక గోడవార ఉయ్యాల. అందులోని చంటిదానికి దగ్గు పట్టుకుంది.

"తలకి పోసిన రోజే అనుకున్నా, గాలి తగుల్తుందని," అంది నానమ్మ, కోడలికి వినబడేలా.

"మన కొంపలోకి గాలెట్లా వస్తుందత్తయ్యా? వచ్చినా నుంచోడానికి చోటేదీ?" అంది కోడలు చొక్కాలు మడతపెడుతూ.

నానమ్మకి నవ్వొచ్చింది గానీ మింగేసింది. పుట్టడమే పిడికెడంత పుట్టింది, వెచ్చగా ఉంచకపోతే ఎట్లా? ఉయ్యాలని కుంపటి వైపు జరిపింది. దగ్గు ఎక్కువైంది. ఇంకాస్త జరిపింది. పాత శాలువా చుట్టి, దానిమీద తువ్వాలు బిగించి, ముక్కు మాత్రం బయటికి ఉంచింది.

మధ్యాహ్నానికి దగ్గు ఆగింది.

"చూశావా నా వైద్యం!" అంది గర్వంగా.

కోడలు పాలివ్వబోతే చంటిది నోరు తెరవలేదు.

"నిద్రమత్తులే అమ్మాయ్."

"మత్తు కాదత్తయ్యా. ఒక్కసారి విప్పండి."

"విప్పితే చలి..." అంటూనే విప్పింది నానమ్మ. ఊపిరి తీసినప్పుడల్లా చంటిదాని డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నాయి. తను చుట్టిన గుడ్డలే ఇంతసేపూ ఆ గుంజుడు కనబడనీయలేదు.

ఆసుపత్రిలో సూదిమందు వేసి, ఆక్సిజన్ పెట్టారు. నిమోనియా అన్నారు.

"తలకి పోయడం వల్లేనా తల్లీ?" అడిగింది నానమ్మ. అవునంటే బాగుండునని ఆవిడ ఆశ.

"నీళ్ళేం చేశాయి పాపం! ఇంట్లో ఎవరి జలుబో అంటుకుని ఉంటుంది," అంది డాక్టరమ్మ. "బరువు తక్కువ పిల్ల, తట్టుకోలేదు. ఇరుకు గది, దానికి తోడు పొగ. నిప్పులు దగ్గర్లో ఉంటాయా?"

డాక్టరమ్మ వెళ్ళాక, నానమ్మ గోడకేసి చూస్తూ అంది, "జరిపింది నేనే అమ్మాయ్."

ఇన్నాళ్ళ సాధింపులకీ బదులు తీర్చుకోవాలంటే కోడలికి ఇంతకంటే అదును దొరకదు.

"నేను మాత్రం అడ్డం పడ్డానా?" అంది కోడలు కళ్ళు తుడుచుకుంటూ. "వెచ్చగా ఉందిలే అని నేనూ సంతోషించాగా."

కుంపటినీ బల్లనీ వీధిలోకి, రేకు కిందకి మార్చేసి మర్నాడు కొడుకు ఆసుపత్రికొచ్చేసరికి చంటిదాని ఆయాసం కాస్త నెమ్మదించింది. కోడలు మళ్ళీ రొమ్ము అందించింది. చంటిది పట్టుకుంది, అలిసి వదిలేసింది, మళ్ళీ గబుక్కున పట్టుకుంది.

"నిదానంగా తాగవే, ఎవరూ లాక్కోరు," అంది నానమ్మ.