ప్రీతి వంటింట్లో ఉంటేనే

శకునాలంటే రాజారత్నం మాస్టారికి ఉన్నంత మంట బందరు మొత్తమ్మీద ఇంకెవరికీ ఉండదు. పిల్లి ఎదురొస్తే దాన్ని పలకరించి మరీ ముందుకెళ్తారు. పక్కింటి పాండురంగ గారు పంచాంగం చూడందే గుమ్మం దిగరు కాబట్టి, "ఏంటి సార్, రాహుకాలం మీ స్కూటర్‌క్కూడా ఉంటదా?" అని ఆయన్ని రోజూ ఏడిపిస్తారు. చర్చిలో నలుగురు కలిసినా అదే మాట: "మనకి ప్రభువున్నాడండీ, శకునాలతో మనకేం పని!"

అంతటి మనిషి మ్యాచ్ ఉన్న రోజున ఉతకని నీలం చొక్కా తొడుక్కుని, తలుపు పక్క కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుని, కూతురి వంక చూసి, "అమ్మా ప్రీతీ, టాసయింది, లోపలికెళ్లమ్మా" అంటారు. కాలు తియ్యకూడదు, చొక్కా మార్చకూడదు, ప్రీతి టీవీ చూడకూడదు. లోపలికంటే వంటింట్లోకి.

నిజానికి ఆ ఇంట్లో క్రికెట్ పిచ్చి ఎవరికన్నా ఉందంటే అది ప్రీతికే. మాస్టారు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. కూతురికి అఆలు రాకముందే ఆఫ్ స్టంపేదో లెగ్ స్టంపేదో నేర్పింది ఆయనే. సైకిలు ముందు కడ్డీకి తువ్వాలు చుట్టి, దాని మీద కూర్చోబెట్టుకుని ఊళ్లో ప్రతి టోర్నమెంటుకీ తిప్పారు. మనవాళ్లు సిక్స్ కొడితే చంకల్లో చేతులేసి గాల్లోకి ఎత్తేవారు. అమ్మాయి పెద్దదై, డిగ్రీ చదివి, గుడివాడలో ఒక ఫైనాన్సు ఆఫీసులో ఉద్యోగం తెచ్చుకుంది గానీ, సిక్స్ పడితే కాళ్లు నేల మీద నిలవకపోవడం మాత్రం మారలేదు.

మరి వంటింటి సంగతేంటంటారా? ఆమధ్య ఒక వరల్డ్ కప్పులో మనవాళ్లు ఓడిపోయే మ్యాచ్ ఒకటి నడుస్తోంది. వాళ్లమ్మ రూతుకి మోకాళ్ల నెప్పి. గిలకలదిండి రేవు నుంచి తెచ్చిన రొయ్యలు గిన్నెలో ఎదురు చూస్తున్నాయి. చూడలేక ప్రీతి లేచి వెళ్లి రొయ్యల పకోడీ మొదలెట్టింది. ప్రీతి మూకుడు పెట్టిందో లేదో, ఇవతల మ్యాచ్ తిరిగింది. గెలిచారు. తర్వాతి మ్యాచ్ దర్జాగా టీవీ ముందు కూర్చుని చూసింది. ఓడారు.

"కనిపెట్టావా మావయ్యా?" అన్నాడు బెన్నీ తొడ చరిచి. బెన్నీ మేనత్త కొడుకు. ప్రతి మ్యాచ్‌కీ అవనిగడ్డ నుంచి బండేసుకుని ఊడిపడతాడు. "ప్రీతి వంటింట్లో ఉంటేనే గెలుస్తున్నాం!"

మాస్టారు గెడ్డం నిమురుకుని, గంభీరంగా తలూపారు. "నేనూ అదే చూస్తున్నాన్రా" అన్నారు.

"కొందరికి దృష్టి ఫలితం అట్టా ఉంటుందమ్మా, నీ తప్పు కాదు" అని పాండురంగ గారు ఓదార్చారు.

ప్రీతి నవ్వింది, వాదించింది, బీఎస్సీలో చదివిన స్టాటిస్టిక్సంతా ఏకరువు పెట్టింది. కానీ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయింది. ఒకవేళ నిజమైతే? నా వల్ల వాళ్లు ఓడిపోతే? ఆ పాపం ఎవరు మోస్తారు! లేచి వంటింట్లోకి వెళ్లింది. అంతే, ఆ తర్వాత మళ్లీ ఇవతలికి రాలేదు.

ఫోన్లో చూడొచ్చుగా అంటారేమో. ఫోన్లో చూసినా చూసినట్టేనని మాస్టారు తేల్చారు. ఆ పిచ్చిది ఫోను తీసి బియ్యం డబ్బాలో పెట్టి మూతేసేది. ఎవరూ కాపలా లేకపోయినా తీసేది కాదు. మ్యాచ్‌ని గోడ ఇవతల నుంచి వినేది. కుర్చీ కాళ్లు కిర్రుమంటే ఫోరు. తండ్రి "స్తోత్రం!" అని అరిస్తే సిక్సు. పాండురంగ గారు "రామ రామ" అన్నారంటే వికెట్టు పడింది. బెన్నీ బూతు మొదలుపెట్టి సగంలో మింగితే క్యాచ్ జారవిడిచారు. గెలిచిన కేక వినబడగానే గరిటెతోనే పరిగెత్తుకొచ్చి, "ఎట్టా కొట్టాడు నాన్నా? ఎటు కొట్టాడు?" అని అడిగేది.

"అబ్బ, హైలైట్స్‌లో చూసుకోవే. ముందు పకోడీ తే" అనేవారు మాస్టారు.

గుడివాడ ఆఫీసులో ఈ సంగతి తెలిసిన ఒకే ఒక్క స్నేహితురాలు హరిణి ఒకసారి అననే అంది. "ఏడిసినట్టుంది! నువ్వు లోపలుంటే మ్యాచ్ గెలుస్తారో లేదో గానీ, వాళ్ల పొట్టలు మాత్రం గెలుస్తున్నాయి. ఆలోచించుకోవే."

ప్రీతికి ఒళ్లు మండింది. "మా నాన్న అట్టాంటోడు కాదు. ఆయనకి ఆటంటే ప్రాణం" అంది. ఆ రోజు హరిణితో కలిసి భోంచెయ్యలేదు. మ్యాచ్‌ల నాడు బయటికి రమ్మని పిలిచే స్నేహితులందరికీ ఏదో ఒక సాకు చెప్పేది. దేశం కోసం పకోడీ వేయిస్తున్నానని ఏ నోటితో చెబుతుంది?

ఇలా ఉండగా మనవాళ్లు మళ్లీ ఒక కప్పు ఫైనలుకి వచ్చారు. ఆదివారం ఫైనల్. దానికి ముందు రోజు అవనిగడ్డలో బెన్నీకి ప్రధానం.

పాస్టరు గారి ప్రార్థన అయింది, ఉంగరాలు మారాయి, భోజనాల బంతులు మొదలయ్యాయి. బెన్నీ వాళ్లమ్మ గ్రేస్ అత్తయ్య పెళ్లికూతురి తరఫు ఆడవాళ్లకి వడ్డిస్తూ, రొయ్యల వేపుడు బాగుందని వాళ్లు మెచ్చుకుంటే, ప్రీతి భుజం మీద చెయ్యేసింది.

"ఇదేం చూశారండీ, మా మేనకోడలి చేతి పకోడీ తినాలి. ఆ పకోడీ కోసమే కదా మా అన్నయ్య దీన్ని వంటింట్లో కూర్చోబెట్టాడు! నువ్వు చూస్తే ఓడిపోతారే అన్నాడంట, ఇది నమ్మేసిందంట! లేకపోతే టీవీ ముందు నుంచి లేచే రకమా ఇది?"

బంతి మొత్తం గొల్లుమంది. ప్రీతి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. లేచి, చెయ్యి కూడా కడుక్కోకుండా, దండ మెళ్లో వేసుకుని కూర్చున్న బెన్నీ దగ్గరికి వెళ్లింది.

"నిజమేనా బావా?"

బెన్నీ కొత్త కోటు గుండీలు సర్దుకున్నాడు. "మొదట్లో సరదాకేనే. మావయ్యే అన్నాడు, ఇది లోపలుంటే పకోడీ వేడివేడిగా వస్తుందిరా, నువ్వో మాటెయ్యి అని. నువ్వు ఫోను కూడా బియ్యంలో దాచేసరికి, ఇక ఎట్టా చెప్పాలో మాకు తెలీలేదు."

"పాండురంగ గారికి?"

"ఆయనక్కూడా తెలుసు."

పందిట్లో అవతలి వరసలో మాస్టారు తేలు కుట్టిన దొంగలా విస్తరిలోకి చూస్తున్నారు. వాళ్లమ్మ దగ్గరికెళితే ఆవిడ మోకాళ్లు పట్టుకుంది. "నాకూ తెలుసే. నెప్పులు కదా, పోనీలే అని ఊరుకున్నా."

అమ్మా నాన్నా, బావా, పక్కింటాయనా. ఊళ్లో కుక్కకి కూడా తెలిసే ఉంటుంది. తిరుగు బస్సులో ప్రీతి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చల్లపల్లిలో "టీ తాగుదామా అమ్మా?" అని మాస్టారు అడిగితే చున్నీ మొహం మీదికి లాక్కుంది. ఏడుపు పకోడీ గురించి కాదు. పకోడీ కావాలమ్మా అని నోరు తెరిచి అడిగుంటే రాత్రంతా వేయించి పెట్టేది. ఆయనే నేర్పిన ఆట, ఆయనే పెంచిన పిచ్చి. దాన్నే అడ్డం పెట్టుకుని నమ్మించి గొంతు కోశారు. కళ్లారా చూడాల్సిన గెలుపులన్నీ గోడ అవతలే పోయాయి. వాటిని ఎవరు తెచ్చిస్తారు?

ఆదివారం మాస్టారు చర్చి నుంచి వస్తూనే గిలకలదిండి వెళ్లి పెద్ద రొయ్యలు తెచ్చి, స్వయంగా వలిచి కడిగిపెట్టారు. ప్రీతి వాటి వంక చూడలేదు. టాస్ పడే వేళకి వచ్చి, తలుపు పక్క కుర్చీలో, అంటే ఆయన కుర్చీలో, కాలు మీద కాలేసుకుని కూర్చుంది. బెన్నీ, పాండురంగ గారు వచ్చి చూసి, బుద్ధిగా బల్ల మీద సర్దుకున్నారు.

మనవాళ్లది రెండో బ్యాటింగు. మొదటి ఓవర్లోనే ఒకడు అవుట్. కాసేపటికి ఇంకొకడు. "రామ రామ." ఇంకొకడు. ముగ్గురు మగాళ్లూ టీవీ మానేసి ప్రీతిని చూస్తున్నారు.

"అమ్మా..." అన్నారు మాస్టారు.

"ఏంటి నాన్నా?"

"ఏం లేదూ... ఒక్క ఐదోవర్లు లోపలికెళ్లొస్తావా?"

ప్రీతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అది అబద్ధమని నిన్ననే కదా తేలింది!"

"అబద్ధమేనే తల్లీ! నేనే కల్పించాను, ఒప్పుకుంటున్నా. కానీ గెలుస్తూ వచ్చాం కదా!" ఆయన నిజంగానే చేతులు జోడించారు.

"అబద్ధమే అయినా అలవాటైపోయింది కదమ్మా" అని పాండురంగ గారు నసిగారు.

ఇంత తెలిసీ, ఇంత మండీ, ఆ క్షణంలో తన కాళ్లు చెప్పుల కోసం వెతుకుతున్నాయని ప్రీతి గమనించింది. సగం లేచే ఉంది. ఛీ, నా కాళ్లు కూడా వీళ్ల పార్టీయేనా అనుకుని, మళ్లీ గట్టిగా కూర్చుంది.

"వంటింట్లో ఎవరో ఒకరుండాలి, పకోడీ వేగుతూ ఉండాలి, అంతే కదా? మీరెళ్లండి."

"నేనా!" మాస్టారు బెన్నీ వంక చూశారు, కాపాడరా అన్నట్టు.

"వెళ్లు మావయ్యా, ఫైనల్లో రిస్కెందుకు?" అన్నాడు బెన్నీ, రెప్పయినా వెయ్యకుండా.

"త్వరగా మాస్టారూ, ఓవరు మొదలవుతోంది" అన్నారు పాండురంగ గారు.

మాస్టారు లేచారు. ప్రీతి చెయ్యి చాపింది. "ఫోను."

ఇచ్చేసి వెళ్లారు. కాసేపటికి నూనె చిటపట వినిపించింది. మరి ప్రభువు దయో, మూకుడు మహిమో, ఎడంచేతి కుర్రాడొకడు కుదురుకున్నాడు. చివరి బంతికి నాలుగు కావాల్సిన దాకా లాక్కొచ్చాడు. ప్రీతి కళ్లార్పలేదు. బంతి కాస్త పొట్టిగా పడింది. వాడు వెనక్కి ఒక్క అడుగేసి, మోకాలు వంచి, మిడ్‌వికెట్ మీదుగా ఎత్తేశాడు. ఫీల్డరు పరిగెత్తి, ఆగి, తలెత్తి చూస్తూ ఉండిపోయాడు. అవతల జనంలో పడింది.

ప్రీతి కేక పరాసుపేట దాకా వినబడి ఉంటుంది. ఎగిరి, నేల మీదికి వచ్చేలోపే, అలవాటు కొద్దీ పక్కకి తిరిగింది, చంకల్లో చేతులేసి ఎత్తే మనిషి కోసం. అక్కడ ఎవరూ లేరు. ఇన్నాళ్లకి కళ్లారా చూసిన గెలుపు. ఆటంటే తనంత పిచ్చి ఉన్న ఒకే ఒక్కడు గోడవతల ఉన్నాడు.

మాస్టారు మోచేతుల దాకా శనగపిండితో, చిల్లుల గరిటెతో పరిగెత్తుకొచ్చారు. "ఎట్టా కొట్టాడే? ఎటు కొట్టాడు? లేచి కొట్టాడా, వంగి కొట్టాడా?"

బెన్నీ నోరు తెరిచి, ప్రీతి మొహం చూసి మూసుకున్నాడు. ప్రీతికి ఆ అడుగూ తెలుసు, ఆ మోకాలూ తెలుసు, ఆ ఫీల్డరు ఆగిన చోటూ తెలుసు. చెప్పాలని నాలుక దురద పెట్టింది. ఆయనకి కాకపోతే ఇంకెవరికి చెబుతుంది?

"హైలైట్స్‌లో చూసుకోండి నాన్నా" అంది. "ముందు పకోడీ తెండి."

మాస్టారు లోపలికెళ్లి ప్లేటు తెచ్చి ఆమె ముందు పెట్టారు. పకోడీలన్నీ మాడిపోయి ఉన్నాయి. అయినా అందరూ ఒక్కటి కూడా మిగల్చకుండా తిన్నారు.