తెర పోయి చాప మిగిలింది

నేను ఒక తెరచాపను. నవ్వకండి. మీరు నా మీద మఠం వేసుక్కూర్చుని చిప్స్ తింటున్నారు కాబట్టి నన్ను ఉత్త చాప అనుకోవడం మీ తప్పు కాదు. తప్పెవరిదో చెప్పకుండా ఊరుకునే ఓపిక మాత్రం నాకు లేదు. జీవితమంతా గాలిని పట్టి ఉంచాను గానీ, కోపాన్ని పట్టి ఉంచడం నాకు చేతకాదు.

నన్ను కుట్టింది కోటిపల్లి రేవుకి అవతల ఒక లంకలో, తాతారావు, అతని భార్య పల్లాలమ్మ. తాతారావు పడవ సరంగు. కొబ్బరికాయలూ ఇటుకలూ ఎక్కించుకుని గౌతమి మీద ఎగువకి వెళ్లొచ్చేవాడు. మందపాటి కోరా గుడ్డ తెచ్చి, మొగుడు ఒక కొస నుంచీ పెళ్లాం ఇంకో కొస నుంచీ కుట్టుకుంటూ వచ్చారు. మధ్యలో కలుసుకున్నాక చూస్తే ఆవిడ కుట్టు చీమలబారు, అతని కుట్టు కప్పగంతులు. "ఇది గాలికా, చేపలకా? నీ కుట్లలోంచి బొమ్మిడాయి కూడా దూరిపోద్ది" అని పల్లాలమ్మ దెప్పింది. విప్పి మళ్లీ కుట్టే తీరిక లేక అలాగే వదిలేసింది. తరవాత తుమ్మచెక్క కషాయంలో ముంచి ఎండేశారు. నా ఒంటికి ఈ బెల్లం రంగు అప్పుడు వచ్చిందే.

ఆ రోజుల్లో నా దర్జా మీకు తెలియదు. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి పైరగాలి లేచేది. తాతారావు తాడు లాగి నన్ను పైకెత్తేవాడు. నేను పొట్ట నింపుకుని, ఏటి వాలుకి ఎదురుగా ఇటుకల పడవని లాక్కుపోయేదాన్ని. పల్లాలమ్మ నా నీడలో కూర్చుని చేపలపులుసు కాచేది. దారిలో ఎక్కిన జనం "అబ్బ, ఏం లాగుతోంది!" అని నన్ను మెచ్చుకునేవాళ్లు, రేవు రాగానే నావైపు తలెత్తి కూడా చూసేవాళ్లు కాదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్నది మనుషులు తమ గురించి తామే చెప్పుకున్న సామెత. అయినా నాకు అప్పుడు కోపం ఉండేది కాదు. పని ఉన్నవాళ్లకి కోపం తక్కువ.

ఆ తరవాత ఇంజన్లు వచ్చాయి. తాతారావు కూడా పెట్టించాడు. అతన్ని నేను తప్పు పట్టను, మనిషి పొట్ట గాలితో నిండదు కదా. నన్ను మడత పెట్టి, మధ్యలో వేపాకు వేసి అటక ఎక్కించాడు. నేను అటక మీద ఉండగానే అతను పోయాడు. కింద ఏడుపులు వినపడ్డాయి. నన్నెవరూ దించలేదు.

నన్ను దించినవాడు కిరీటి. ఏటి ఒడ్డున రిసార్టు కట్టి, షికారు బోటు కొన్న పెద్దమనిషి. "పాత తెరచాప ఉందటగా, మళ్లీ గోదాట్లో ఎత్తుతాం, ఇస్తారా?" అని ఇంటికొచ్చాడు. పల్లాలమ్మకి అప్పటికే చెవులు పోయాయి. మనవడు మణికంఠ చెవి దగ్గర అరిచి చెబితే ఆవిడ మొహం విచ్చుకుంది.

"డబ్బులెందుకు బాబూ, పట్టుకెళ్లండి. గాలికెత్తండి, చాలు. ఓ పూట నన్నూ దాని కింద కూకోబెట్టండి."

"అంతకన్నానా మామ్మగారూ! మొదటి ట్రిప్పు మీదే!" అన్నాడు కిరీటి, రెండు చేతులూ జోడించి.

మొదటి ట్రిప్పు ఎవరో సినిమావాళ్లది. రెండోది ఎవరిదో కూడా గుర్తులేదు. వినపడనివాళ్లకి మాట ఇవ్వడం ఎంత సులువో అప్పుడు తెలిసింది నాకు.

రేవులో పెద్ద బోర్డు కట్టారు: ఇంజను చప్పుడు లేని తెరచాప ప్రయాణం. వచ్చినవాళ్లు నన్ను చూసి మురిసిపోయేవాళ్లు. నన్నెత్తగానే అడుగున ఇంజను తిప్పేవాళ్లు, ఆ చప్పుడు వినపడకుండా పైన పాటలు పెట్టేవాళ్లు. చాప కింద నీరు అంటారు చూడండి, మా బోటులో చాప కింద ఉన్నది నీరు కాదు, డీజిలు. అయినా ఒకటి రెండుసార్లు గాలి గట్టిగా వీచి, పాత అలవాటు కొద్దీ నేను పొట్ట నింపుకున్నాను. బోటు కొంచెం ఒరిగింది. ఎవరి కూల్‌డ్రింకో ఒలికింది. కిరీటి సరంగు దొరబాబుని పిలిచి, నాకు కన్నాలు పెట్టమన్నాడు.

దొరబాబు తల గోక్కున్నాడు, "ఆయ్, అలాగేనండి" అన్నాడు, కొబ్బరికత్తి తెచ్చాడు. చేటంత కన్నాలు, నాలుగు. ఆ రోజు నుంచి ఎంత గాలొచ్చినా నాలోంచి దూరి దాని దారిన అది పోయేది. నేను కొయ్యకి వేలాడుతూ ఫొటోలకి నిలబడేదాన్ని. ఒక సాయంత్రం నా మీద క్రికెట్ మ్యాచ్ వేశారు. ఇంకోసారి పెళ్లి ఫొటోలకొచ్చిన పిల్ల చీర మార్చుకోడానికి అడ్డం కట్టారు. ఎన్ని రకాల తెర పనులున్నాయో అన్నీ చేయించారు, గాలి పని తప్ప. గుడ్డకి పళ్లుంటే కొరికేసేదాన్ని.

మణికంఠ కాకినాడలో ఉద్యోగం చేస్తాడు. కిరీటి పిలుస్తాడని చూసి చూసి, చివరికి తనే బోటు మొత్తం మాట్లాడుకుని మామ్మనీ, పెళ్లాం పిల్లల్నీ, చుట్టాలనీ ఎక్కించాడు. పల్లాలమ్మ జరీ అంచు చీర కట్టుకుంది. గట్టు మీంచే నన్ను చూసి నవ్వింది. వెలుగుకి కళ్లు చిట్లించి చూస్తోందేమో, కన్నాలు కనపడలేదు. నాకు దాక్కోవాలనిపించింది.

బోటు కదిలింది. పాటలు మొదలయ్యాయి. అడుగున ఇంజను గుడగుడలాడుతోంది.

"మామ్మగారండీ!" దొరబాబు ఆవిడ ముందు నిలబడి అరిచాడు, చేతులు రెక్కల్లా ఊపి మరీ చూపిస్తూ. "ఇంజనాపేశామండీ! అంతా గాలేనండి!"

ఆవిడ తలూపింది, మురిసిపోతూ. మణికంఠ భార్య మొగుడి వైపు చూసింది. "పోన్లెద్దూ, మామ్మకి వినపడదుగా. సంతోషంగా ఉంది, ఉండనీ" అన్నాడు మణికంఠ, కన్నుకొట్టి.

కొబ్బరికత్తి నాకంత నొప్పి పెట్టలేదు. కిరీటి పరాయివాడు, అబద్ధం అతని వ్యాపారం. వీడు సొంత మనవడు, చిన్నప్పుడు నేను మడతపడి ఉన్న అటక కింద ఉయ్యాల్లో నిద్రపోయినవాడు. ప్రేమతో ఆడే అబద్ధమంత చెడ్డది ఇంకోటి లేదని నాకు ఆ క్షణంలో అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

పల్లాలమ్మ మంచినీళ్లు అడిగింది. స్టీలు గ్లాసుతో ఇచ్చారు. రెండు గుక్కలు తాగి పక్కన చెక్క మీద పెట్టింది. పెట్టి, మళ్లీ తీయబోయి, ఆగిపోయింది. గ్లాసులో నీళ్లు సన్నగా, ఆగకుండా వణుకుతున్నాయి. ఆవిడ చెప్పు విడిచి అరికాలు చెక్కకి ఆనించింది.

"ఇంజను ఆపరా" అంది.

"ఆపేశామండి మామ్మగారూ..."

"నా చెవులు పోయినియ్యిగానీ కాళ్లు పోలేదురా! ఆపు!"

పాటలు కూడా ఆపేశారు. ఒక్కసారిగా ఏటి చప్పుడు వినపడింది. బోటు వాలుకి నెమ్మదిగా వెనక్కి జారడం మొదలెట్టింది. నేను పాత గోతాంలా వేలాడాను. అప్పుడు ఆవిడ లేచి, కొయ్య దగ్గరికొచ్చి, తలెత్తి, నాలుగు కన్నాల్లోంచి ఆకాశాన్ని చూసింది.

"ఎవడు కోసింది?"

దొరబాబు కళ్లు దించుకుని, తన గుండె తట్టి చూపించుకున్నాడు. "నేనేనండి. కోయమన్నారండి."

"మీ అమ్మ చీరైతే కోసేవోడివా?" అంది. ఇంకా చాలా అంది. అవన్నీ ఇక్కడ చెప్పను, పిల్లలు కూడా వింటున్నారు. నా మనసులో ఉన్నవన్నీ ఆవిడ నోటితో వచ్చాయి.

"మామ్మా, ఎండగా ఉంది, ఇంటికెళ్లిపోదాం" అన్నాడు మణికంఠ, చెవి దగ్గర అరుస్తూ.

"నేనెల్లను. నన్ను చాప కింద కూకోబెడతానని తీసుకొచ్చావు. కూకోబెట్టు."

బోటుని ఇసుకమేటకి ఆపి నన్ను దించారు. పరదాలు కుట్టే దబ్బనమూ నైలాను దారమూ దొరబాబే తెచ్చాడు. మాసికకి గుడ్డ లేదు. ఆవిడ అటూ ఇటూ చూసి, బోటు పక్కన కట్టిన ఫ్లెక్సీ వైపు వేలు చూపించింది. దొరబాబు ఒక్క నిమిషం తటపటాయించి, దాన్ని విప్పి, తనే కోశాడు. దాని మీద 'తెరచాప విహారం' అని కిరీటి రాయించిన అక్షరాలున్నాయి. అవి నాలుగు ముక్కలై నాకు మాసికలయ్యాయి. పల్లాలమ్మకి చదువు రాదు. ఒకటి తలకిందులుగా కూడా కుట్టింది.

చూపు ఆనక మధ్యలో దబ్బనం మణికంఠ చేతిలో పెట్టింది. వాడు చెమటలు కక్కుతూ కుట్టాడు. ఆవిడ ఆ కుట్టు తడిమి చూసింది, పక్కనే ఉన్న తాతారావు కప్పగంతుల కుట్టునీ తడిమింది. అది ఊడలేదు.

"అచ్చం మీ తాతలాగే కుట్టావెదవా" అంది. అని ఏడ్చింది. మణికంఠ "తప్పయిపోయింది మామ్మా" అన్నాడు. మెల్లిగా అన్నాడు, అది ఆవిడకి వినపడలేదు.

పైరగాలి లేచింది. దొరబాబు తాడు లాగాడు. మాసికలు పటపటలాడాయి. నాకు భయం వేసింది, పాతగుడ్డని, చిరిగిపోతానేమోనని. చిరిగితే చిరుగుతానులే అనుకుని, ఇన్నాళ్ల కోపాన్నంతా కలిపి పొట్ట నింపుకున్నాను. బోటు ముందుకి కదిలింది. ఏటి వాలుకి ఎదురుగా, ఏ చప్పుడూ లేకుండా! పల్లాలమ్మ నా నీడలో కూర్చుని గ్లాసు ముందర పెట్టుకుంది. నీళ్లు ఒక పక్కకి ఒరిగి, కదలకుండా ఉన్నాయి. పై లంక దాటేదాకా ఆవిడ దాన్నే చూస్తూ కూర్చుంది. పిల్లలు కూడా అల్లరి మాని దాన్నే చూశారు.

రేవుకి తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టారు. సాయంత్రం షికారుకి వచ్చినవాళ్లు ఎదురుచూసి విసుక్కుంటున్నారు. కిరీటి నా మాసికలు చూశాడు, తన ఫ్లెక్సీ చూసుకున్నాడు. మామ్మగారికి నమస్కారం పెట్టి పంపించాకే దొరబాబు ముందు నోరు విప్పాడు. "జనానికి సంప్రదాయం కావాలయ్యా! గాలెవడికి కావాలి?"

మర్నాడు కొబ్బరికత్తి మళ్లీ దొరబాబు చేతికిచ్చాడు. "ఈసారి నేను కొయ్యనండి" అన్నాడు దొరబాబు, కత్తి కింద పెట్టి గట్టెక్కి వెళ్లిపోయాడు. ఇప్పుడు జనాన్ని ఏరు దాటించే పంటు మీద పని చేస్తున్నాడట. నన్ను వంటవాడు కోశాడు. కొయ్యకి నైలాను తెర కట్టారు, దాన్ని కుట్టేటప్పుడే కన్నాలు వదిలేశారు. నా ముక్కల్ని జనం కూర్చోవడానికి పరిచారు.

నేను వాటిలో ఒక ముక్కని. తాతారావు కుట్టు కొంత, పల్లాలమ్మ కుట్టు కొంత నా వంతుకి వచ్చాయి. నడుమ మాసిక మీద 'చాప' అని రాసి ఉంది. కొంచెం జరిగి కూర్చుంటే మీరే చదువుకోవచ్చు. తెర అన్న ముక్క ఏ మూల ఎవరి కింద నలుగుతోందో తెలియదు.

పల్లాలమ్మ మళ్లీ వస్తానంటోందని మణికంఠ ఫోను చేశాడట. "రమ్మనండి, కొత్త తెరచాప ఇంకా బాగుంది" అన్నాడట కిరీటి. రావద్దు తల్లీ. వస్తే నిన్ను నా మీదే కూర్చోబెడతారు. నీ కాళ్లకి నేనెవరో తెలిసిపోతుంది.

మధ్యాహ్నం దాటింది. అదిగో, పైరగాలి లేస్తోంది. నా మూల పైకి లేవగానే చిరాకుపడి మీ చెప్పుల జత దాని మీద పెట్టారు. చూశాను. పెట్టుకోండి. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు చెప్పులు వేసుకోక తప్పదుగా, అప్పుడు మళ్లీ లేస్తాను.